నూట పదిహేడో లబ్ధిదారు

...మరి వంగే మెడ ఎక్కడుంటుంది? రక్తనాళాలు బిరుసెక్కే గుణం పదో క్రోమోజోము మీద ఎక్కడో ఉందని తేలబోతోంది, బాగానే ఉంది. కళ్ళ రంగుకి ఒక చోటుందట, బట్టతలకి ఇంకో చోటుందట. అలాంటప్పుడు ఎదుటివాడు నోరు తెరవకముందే "అలాగేనండి" అనేసే గుణానికి మాత్రం చోటు లేకుండా ఎలా ఉంటుంది? నాన్నకి అది నిండుగా ఉండేది. తాలూకా ఆఫీసులో ముప్పై ఏళ్ళు టైపు కొట్టిన మనిషి. ఒక్కనాడూ పై అధికారి మొహం చూసి మాట్లాడలేదు. చెప్పులు చూసి మాట్లాడేవాడు. ఏ తాసిల్దారు ఎలా నవ్వుతాడో చెప్పలేకపోయేవాడు గానీ, ఎవరి చెప్పు ఏ పక్క అరిగిందో ఇంటికొచ్చి పూస గుచ్చినట్టు చెప్పేవాడు. యాభై రెండో ఏట టైపు మిషను మీదే తల వాల్చేశాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. అంతకుముందు తాతా అంతే, ఆయనకీ యాభై రెండే. నరం, మెడ రెండూ కలిసే వచ్చాయా, లేక మెడ వంగీ వంగీ నరం చిట్లిందా...

ఆలోచన ఇక్కడిదాకా వచ్చేసరికి చేతికింద గొట్టంలో ఉన్న ఎలుక వణకడం మానేసింది.

దాలినాయుడు కాచుకున్నది దానికోసమే. ఈ పనిలో అసలు కిటుకంతా కాచుకోవడంలోనే ఉంది. ఎలుకని తెచ్చి గొట్టంలోకి పంపి, తోకకి పట్టీ చుట్టి వెంటనే మీట నొక్కితే వచ్చే అంకె ఎలుక రక్తపోటుది కాదు, ఎలుక భయానిది. అందుకని ముందు గదిలో ఫ్యాను ఆపాలి. చెప్పులు బయట విడవాలి. తలకి వాసన నూనె రాసుకుని రాకూడదు. ఎలుకని అరచేతిలో కాసేపుంచుకుని, గొట్టంలోకి దాని అంతట అది వెళ్ళేదాకా ఆగి, ఆపైన పది నిమిషాలు ఏమీ చెయ్యకుండా కూచోవాలి. ఏమీ చెయ్యకుండా కూచోడం అందరికీ చేతనయ్యే పని కాదు. దాలినాయుడికి చేతనయింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ సంస్థలో ఆయన ఉద్యోగం అదే.

మీట నొక్కాడు. నూట పన్నెండు. నల్ల అట్ట పుస్తకంలో నూట పదిహేడో నంబరు ఎలుక ఎదురుగా రాసుకున్నాడు.

ఊరి చివర గుట్ట మీద ఉన్న ఆ సంస్థ పేరు వంశానుగత రక్తపోటు పరిశోధనాలయం. అందులో పరిశోధన అంటూ చేసేది ఇద్దరే. అంకెలు కొలిచేది దాలినాయుడు, ఆ అంకెల్లో అర్థం వెతికేది డాక్టర్ సుహాసిని. మిగతా నలభై ముగ్గురూ ఆ ఇద్దరి పనిని పర్యవేక్షించేవాళ్ళు. సుహాసిని చేస్తున్న పని చెప్పడానికి తేలికే. తరతరాలుగా రక్తపోటు ఎక్కువున్న ఎలుకల వంశం ఒకటి, ఆ పీడ లేని వంశం ఒకటి తెచ్చి వియ్యమందించింది. వాటి మనవలు రెండొందల నలభై. మనవల దగ్గరికొచ్చేసరికి అన్నీ కలగాపులగం. కొన్నిటికి పోటు ఎక్కువ, కొన్నిటికి తక్కువ, కొన్ని మధ్యస్థం. ఇప్పుడు ఒక్కోదాని రక్తపోటు ఒక పక్క, దాని జన్యువులు ఇంకో పక్క పెట్టి చూడాలి.

"వందూళ్ళలో యాభై ఊళ్ళలో దొంగతనం జరిగిందనుకోండి నాయుడుగారూ," అని ఆవిడ మొదటిరోజే చెప్పింది. "దొంగతనం జరిగిన ప్రతి ఊళ్ళోనూ ఆ రోజు ఉన్నవాడెవడు? జరగని ఊళ్ళలో ఒక్కదాంట్లోనూ లేనివాడెవడు? వాడే దొంగ. మనకి రెండు రకాల ఊళ్ళూ కావాలి."

మూడేళ్ళయింది. ఆవిడ కంప్యూటరు తెర మీద, ఇరవై ఒక్క క్రోమోజోముల మీదుగా చదునుగా పోయే గీత, పదో దాని దగ్గరకొచ్చేసరికి చిన్న కొండలా లేస్తోంది. దొంగ అక్కడెక్కడో ఉన్నాడు. ఇంకో అరవై ఎలుకల జన్యువులు చదివితే ఏ సందులో ఉన్నాడో కూడా తెలిసిపోతుంది. ఆ కొండని చూడ్డానికి దాలినాయుడు రోజూ సాయంత్రం ఆవిడ గదికి వెళ్తాడు. దానివల్ల తనకి ఒరిగేదేమీ లేదని తెలుసు. తనకి యాభై ఒకటి నిండి ఇది నాలుగో నెల. ఎలుకల సంగతి తేలి, మందు పుట్టి, అది మనుషుల దాకా వచ్చేసరికి ఏ కాలమవుతుందో! ఆయనకి కావలసింది మందు కాదు. దానికో అడ్రసు ఉందని తెలిస్తే చాలు. అడ్రసున్నదాన్ని కనీసం పేరుపెట్టి తిట్టుకోవచ్చు.

సరిగ్గా అప్పుడే సర్క్యులరు వచ్చింది.

అన్ని శాఖల్లోనూ అమలవుతున్న అన్ని పథకాల లబ్ధిదారుల జాబితాలనూ తనిఖీ చేసి, అర్హులను కొనసాగించి, అనర్హులను ఏరివేయవలెనని అందులో ఉంది. చదివిన ఎవరికీ అందులో తప్పు కనపడదు. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, మూడేళ్ళ క్రితం ఈ పరిశోధనకి ఆన్‌లైనులో అనుమతి తీసుకునేటప్పుడు ఫారంలో "లబ్ధిదారుల సంఖ్య" అని ఒక గడి ఉంది. ఖాళీ వదిలితే ఫారం ముందుకి కదల్లేదు. సున్నా కొడితే ఒప్పుకోలేదు. ఆ రోజు సీట్లో ఉన్న సీనియర్ అసిస్టెంటు కాసేపు ఆలోచించి, ఈ డబ్బుతో తిండి తినేవాళ్ళెవరా అని చూసుకుని, 240 అని కొట్టాడు. ఫారం కదిలింది.

అలా ఆ ఎలుకలు లబ్ధిదారులయ్యాయి.

జాయింట్ డైరెక్టరు, పరిపాలన, కోదండపాణి గారు ఇద్దర్నీ తన గదికి పిలిపించారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఏ కాగితం వచ్చినా దాన్ని నమ్మే స్వభావం, అంతే.

"ప్రభుత్వం వారి ఆశయం ఒక్కటేనండీ," అన్నారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "అర్హుడైన ఒక్కడు మిగిలిపోకూడదు. అనర్హుడైన ఒక్కడు దూరకూడదు. పథకం పేరేంటి? అధిక రక్తపోటు పథకం. మన నాయుడుగారి పుస్తకం ప్రకారమే నూట తొమ్మిది మందికి బీపీ లేదు. అవునా?"

"ఎలుకలండి," అన్నాడు దాలినాయుడు.

"ఎవరైనా సరేనయ్యా. బీపీ లేదు. అయినా మూడేళ్ళుగా బీపీ పథకంలో కూచుని తింటున్నారు."

"సార్," అంది సుహాసిని, "బీపీ లేనివి పక్కన ఉంటేనే కదండీ, ఉన్నవాటిలో ఏం తేడా ఉందో తెలిసేది!"

కోదండపాణి గారు జాలిగా చూశారు. "అమ్మా, వృద్ధాప్య పింఛను జాబితాలో పాతికేళ్ళ కుర్రాళ్ళని పెట్టుకుంటామా, పోల్చి చూసుకోడానికి?"

ఆ ప్రశ్నకి జవాబు సుహాసిని చదివిన చదువులో లేదు.

"నూట నలభై దాటినవాళ్ళు అర్హులు. కింద ఉన్నవాళ్ళు అనర్హులు. ఏం నాయుడుగారూ?"

"నలభై మూడో నంబరుది నూట ముప్పై తొమ్మిదండి," అన్నాడు దాలినాయుడు. ఎందుకన్నాడో తనకే తెలీదు.

"పాపం. ఒక్క పాయింటులో పోయింది. ఏం చేస్తాం? నిబంధన."

"అలాగేనండి," అనేసింది దాలినాయుడి నోరు. ఆ తర్వాతగానీ దాలినాయుడు వినలేదు.

అనర్హుల జాబితాని రెండు ప్రతులు తీసి, ఒకటి నోటీసు బోర్డు మీద, ఇంకొకటి ఎలుకల గదిలో బోనుల ఎదురుగా గోడకీ అంటించారు. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా తెలుపుకోవచ్చు. ఏడు రోజులు గడిచాయి. ఎలుకలనుంచి లిఖితపూర్వకంగా ఏ అభ్యంతరమూ రాలేదని ఫైల్లో రాసుకున్నారు. మిగిలిన నూట ముప్పై ఒక్క మంది అర్హుల ఫోటోలు తీసి ఎక్కించమంటే దాలినాయుడు తీసి ఎక్కించాడు. రెండు రోజులకి పైనుంచి మెమో వచ్చింది. ఒకే లబ్ధిదారు ఫోటోని నూట ముప్పై ఒక్క సార్లు ఎక్కించి ప్రభుత్వాన్ని మోసగించుటకు ప్రయత్నించినట్టు ప్రాథమికంగా కనబడుచున్నది, సంజాయిషీ ఇవ్వవలెను. తెల్ల ఎలుకలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయని దాలినాయుడు సంజాయిషీ రాశాడు. తెల్ల ఎలుకలు ఒకేలా ఉంటాయనడానికి సమర్థాధికారి జారీచేసిన ధ్రువపత్రం జతపరచమని జవాబొచ్చింది.

సోమవారం నుంచి మేత ఇండెంటు నూట ముప్పై ఒకటికే పాసైంది.

బోనులు కడిగి మేత వేసే సన్యాసమ్మ ఆ రోజు చేట పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఆమె పద్నాలుగేళ్ళుగా ఆ గదిలో పనిచేస్తోంది.

"ఏటి బాబూ, జబ్బు నేనోడికి కూడెట్టరా?"

"పెట్టరట సన్యాసమ్మా."

"జబ్బొత్తే ఎడతారా?"

"అప్పుడు పెడతారు."

"మా ఈదిలోనూ అంతేలే," అని కొంగు బిగించుకుంది. "ఆ ఎంకన్నకి సెయ్యి ఇరిగిందాకా పింఛనీ రానేదు. ఇప్పుడొత్తంది. తిననేకపోతన్నాడు." నూట ముప్పై ఒక్క వంతుల మేతనీ రెండొందల నలభైకి సర్దేసింది. తూకాలూ లెక్కలూ ఆమెకి రావు. చెయ్యి తెలుసు. ఏ ఒక్కటీ కడుపు మాడ్చుకోలేదు గానీ ఏ ఒక్కటీ కడుపునిండా తినలేదు.

సుహాసిని ఊరుకోలేదు. సర్క్యులరు ఆఖరి పేజీలో అప్పీలు చేసుకునే వెసులుబాటు ఉంది. నూట తొమ్మిది ఎలుకలకి నూట తొమ్మిది దరఖాస్తులు తనే కూచుని రాసింది. దరఖాస్తుదారు సంతకం లేదా ఎడమ బొటనవేలి ముద్ర అన్నచోట కాస్త చిక్కొచ్చింది. ఎలుక ముందుకాలికి చెప్పుకోదగ్గ బొటనవేలుండదు. వికలాంగుల విభాగంలో ఉన్న సడలింపుని వర్తింపజేసి, మొత్తం పంజా ముద్రని అంగీకరించారు. సన్యాసమ్మ ఒక్కోదాన్నీ ఎత్తి స్టాంపు ప్యాడు మీద అద్దింది. "సంతకం సేసీ తల్లీ, సంతకం సేసీ, నువ్వైనా సదువుకున్నదానివి," అంటూ.

అప్పీలు మీద క్షేత్రస్థాయి పరిశీలన కమిటీ వేశారు.

కమిటీ వచ్చిన రోజుని దాలినాయుడు తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నాడు. మూడేళ్ళుగా ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ అడుగుపెట్టని గది. అందులోకి తొమ్మిదిమంది సభ్యులు, వాళ్ళ వెనక వాళ్ళ ఫైళ్ళు మోసేవాళ్ళు, ఫ్లాషు కొట్టే ఫోటోగ్రాఫరు, గోడకి కట్టిన "పారదర్శక పరిశీలన" ఫ్లెక్సీ, దాన్ని కట్టడానికి మేకులు కొట్టే చప్పుడు. ఒకాయన మల్లెపూల అత్తరు కొట్టుకొచ్చారు. ఇంకొకాయన ఫోను ఆగకుండా మోగుతోంది. ఆయన తీస్తారు, "కమిటీలో ఉన్నాను, కమిటీలో ఉన్నాను" అని గట్టిగా చెప్పి పెట్టేస్తారు. ఉక్కపోస్తోందని ఎవరో ఫ్యాను వేశారు.

"కానివ్వండి నాయుడుగారూ. మొదటి అప్పీలుదారు ఎవరు?"

నూట పదిహేడు. దాలినాయుడు బోనులో చెయ్యి పెడితే మామూలుగా దాని అంతట అది అరచేతిలోకొచ్చే ఎలుక, ఆ రోజు మూలకి నక్కింది. తీశాడు. అరచేతిలో దాని గుండె, గుప్పిట్లో పట్టుకున్న తుమ్మెదలా కొట్టుకుంటోంది.

"కాస్త ఆగుదామండి. పది నిమిషాలు ఎవరూ..."

"నూట తొమ్మిది మందికి పదేసి నిమిషాలంటే ఎంత?" అన్నారు అత్తరాయన. "మాకు మధ్యాహ్నం ఇంకో పరిశీలన ఉంది. నొక్కండి."

నొక్కాడు. నూట డెబ్బై ఒకటి.

గదిలో చిన్న కలకలం పుట్టింది. తర్వాతది నూట అరవై ఎనిమిది. ఆ తర్వాతది నూట ఎనభై. అనుమానంకొద్దీ అర్హులన్నిటినీ మళ్ళీ చూశారు. అవీ అటూ ఇటూగా అంతే. పోలిక కోసం చివరి వరసలో ఉంచిన ముసలి ఎలుకలు, ఏడు తరాల్లో రక్తపోటన్నది ఎరగని వంశంవి, వాటిక్కూడా చూశారు. నూట యాభై ఎనిమిది.

"భయపడుతున్నాయండి," అన్నాడు దాలినాయుడు. గొంతు తనకే వినపడనంత చిన్నగా వచ్చింది. "ఇది భయమండి. రక్తపోటు కాదండి."

"భయానికి పెరిగింది బీపీ కాదని ఏ జీవోలో ఉంది?" అని అడిగారు కమిటీ అధ్యక్షులు. నిజంగానే తెలుసుకుందామనే అడిగారు.

సాయంత్రానికి తీర్పు వచ్చేసింది. రెండొందల నలభైకి రెండొందల నలభై అర్హులే. నూరు శాతం. పథకం సంతృప్త స్థాయికి చేరుకుందని కమిటీ హర్షం వెలిబుచ్చింది. అప్పీలుదారులకి జరిగిన అన్యాయానికి విచారం కూడా వెలిబుచ్చింది.

"చూశారా అమ్మా, వ్యవస్థలో న్యాయం ఆలస్యమవుతుందేమో గానీ జరక్క మానదు," అన్నారు కోదండపాణి గారు సుహాసినితో. ఆయన కళ్ళు చెమర్చాయి కూడా. "ఇంకో సంగతి. ఒకసారి అర్హత పొందినవాడిని ఆర్థిక సంవత్సరం ముగిసేదాకా ఏ కారణంగానూ తొలగించడానికి లేదు. పదకొండో పేరా. ఇంక మీ ఎలుకల జోలికి ఎవరూ రారు."

మేత మళ్ళీ పూర్తిగా వచ్చింది. సన్యాసమ్మ ఆ రోజు బోనుల ముందు కూచుని, "తినండమ్మా, మీకందరికీ జబ్బేనంట," అంటూ పంచింది. అందరూ సంతోషించారు. కమిటీ అంకెల్ని కంప్యూటర్లోకి తాత్కాలికంగా ఎక్కించి, ఎలా ఉంటుందో చూద్దామని సుహాసిని గీత గీయించేదాకా ఆ సంతోషం నిలిచింది.

గీత చదునుగా వచ్చింది. ఆ చివర్నుంచి ఈ చివరికి, బల్ల మీద పరిచిన బట్టలా. పదో క్రోమోజోము దగ్గర కొండ లేదు. ఎక్కడా ఏమీ లేదు. అన్ని ఊళ్ళలోనూ దొంగతనం జరిగింది, కాబట్టి దొంగ ఎవరూ లేరు.

"చదునుగా ఉంటే మంచిదే కదండీ," అన్నారు కోదండపాణి గారు తెర వంక చూసి. "అసమానతలు లేవన్నమాట."

ఆపైన అసలు కాగితం బయటికి తీశారు. రికార్డులో ఒక్కో లబ్ధిదారుకి ఒక్క అంకే ఉండాలి. కమిటీ అంకెలు శాశ్వతంగా ఎక్కాలంటే పాత అంకెలు చెరిగిపోవాలి. చెరిగిపోవాలంటే కొలిచిన ఉద్యోగి ధ్రువీకరించాలి.

"...అనగా నేను, టి. దాలినాయుడు, సాంకేతిక సహాయకుడను, గత మూడు సంవత్సరములుగా లబ్ధిదారుల రక్తపోటును అవగాహనా లోపము వలన తక్కువగా కొలిచి నమోదు చేసియుంటినని..."

"చదివి వినిపించనక్కర్లేదండి," అన్నాడు దాలినాయుడు.

"మెమో లేదు, కోత లేదు. ఒక్క సంతకం. నేను మాట్లాడి పెట్టాను. అవగాహనా లోపం అంటే తప్పేం కాదు, అందరికీ ఉండేదే." దాలినాయుడి భుజం మీద చెయ్యేశారు. "బుధవారం కమిషనర్ గారు వస్తున్నారు. వారి సమక్షంలో పెడితే నిండుగా ఉంటుంది. నమూనాకి ఒక ఎలుకకి బీపీ చూసి చూపిద్దురుగాని, పక్కనే సంతకం. ఫోటో కూడా బావుంటుంది."

"అలాగే..." అన్నాడు దాలినాయుడు. మిగిలిన రెండక్షరాలూ గొంతులోనే ఉండిపోయాయి. కోదండపాణి గారు వాటిని విన్నట్టే తల ఊపి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం సుహాసిని గదిలో రెండు కప్పుల టీ చల్లారిపోయింది.

"పెట్టొద్దని నేననలేను నాయుడుగారూ," అంది చివరికి. "నాది కాంట్రాక్టు. ఎనిమిది నెలల్లో ఎలాగూ పోతాను. మీకు ఇంకా సర్వీసుంది."

"పెట్టమంటారా?"

"అదీ అనలేను."

తెర మీద ఇంకా పాత గీత ఉంది. చెరిగిపోయేముందు ఒకసారి చూసుకుందామని ఆవిడే తెచ్చి పెట్టుకుంది. మూడేళ్ళు తను ఏమీ చెయ్యకుండా కూచున్న పదేసి నిమిషాలన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుని ఆ కొండ అయిందని దాలినాయుడికి తట్టింది. వింతగా అనిపించింది. జీవితంలో తను కట్టింది ఏదైనా ఉందంటే అదొక్కటే, అదీ ఊరకే కూచుని.

"మీరెప్పుడైనా చూపించుకున్నారా? మీ బీపీ?" అని అడిగింది సుహాసిని ఉన్నట్టుండి.

"లేదమ్మా."

"భయమా?"

"ఎవరైనా నా చేతికి పట్టీ చుట్టి, ఊరుకోండి, కదలకండి అంటే, ఆ మాటకే పెరుగుతుందేమోననమ్మా. అప్పుడు అది నాదో, వాళ్ళ మాటదో తెలీదు కదా."

మంగళవారమంతా ఆయన మనసు ఒకచోట నిలవలేదు. పెట్టేస్తేనేం? ఎలుకలు బతికే ఉంటాయి. ఒక కాగితం మీద తను పనిమంతుడు కాదని ఉంటుంది. దాన్ని ఎవరు చదువుతారు? నాన్న అయితే ఈపాటికి పెట్టేసి, కోదండపాణి గారి బూటుకి కుడి పక్క మడమ అరిగిందని కూడా చూసొచ్చి ఉండేవాడు. పెట్టకపోతేనేం? మెమో ఇస్తారు. సంజాయిషీ అడుగుతారు. అడిగినప్పుడు ఏమని చెప్పాలి? మొదటి మాటే రాదు. అసలు "కాదు" అన్న మాటని తను ఎప్పుడైనా ఇంకో మనిషితో అన్నాడా? భార్యతో అన్నాడేమో, బతికున్నప్పుడు, కూర ఇంకాస్త వెయ్యనా అని అడిగితే. అది లెక్కలోకి రాదు. ఎలుకల గదిలో ఎవరూ లేనప్పుడు ఒకసారి పైకి అని చూశాడు. "కాదండి." బాగానే పలికింది. నూట పదిహేడో నంబరు మీసాలు కదిపి మళ్ళీ మేతలో పడింది. ఎలుకల ముందు తనకి భయం లేదు, తన ముందు ఎలుకలకి భయం లేదు. లోకమంతా ఈ గదంతే ఉంటే తనూ ధైర్యవంతుడే.

బుధవారం పది ముప్పావుకి కమిషనర్ గారు వచ్చారు. నలభై దాటని మనిషి. నేత చీర, చేతిలో నీళ్ళ సీసా, మొహంలో మూడు జిల్లాల అలసట. వెనక పద్దెనిమిదిమంది. ఎలుకల గదిలో గాలి ఆడలేదు. బల్ల మీద మీట, గొట్టం, పట్టీ, వాటి పక్కన ధ్రువీకరణ పత్రం, దాని మీద మూత తీసి ఉంచిన పెన్ను. కోదండపాణి గారు నూరు శాతం గురించి చెప్పారు, సంతృప్త స్థాయి గురించి చెప్పారు. పంజా ముద్రల ఫైలు తెరిచి చూపించారు. కమిషనర్ గారు ఆ ముద్రల్ని అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపు చూశారు.

"ఎలా కొలుస్తారో చూడొచ్చా?"

"నాయుడుగారూ, కానివ్వండి," అన్నారు కోదండపాణి గారు. ఆపైన చెవి దగ్గర, "ఒక్క నిమిషంలో తేల్చెయ్యండి. తర్వాత సంతకం."

దాలినాయుడు నూట పదిహేడుని తీశాడు. అరచేతిలో గుండె కొట్టుకుంటోంది. అది ఎలుకదో, తన వేళ్ళ చివర్ల నాడిదో ఆయన కాసేపు పోల్చుకోలేకపోయాడు. రెండూ ఒకే వేగంతో పరిగెడుతున్నాయి. ఇప్పుడు మీట నొక్కితే మళ్ళీ నూట డెబ్బై వస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. ఈ అరచేతిలో ఉన్నదాని సంగతి ఇక్కడున్న ఇంతమందిలో తనొక్కడికే తెలుసు. సుహాసినికి కూడా అంకెగానే తెలుసు. ఇది నూట పన్నెండు. ఎవరూ చూడనప్పుడు ఇది నూట పన్నెండు.

"ఏమైంది?" అని అడిగారు కమిషనర్.

"ఇందరుంటే రాదండి," అన్నాడు దాలినాయుడు.

"ఏం రాదు?"

"దీని అంకె రాదండి. మన అంకె వస్తుంది." ఎవరివో కాళ్ళు కదిలిన చప్పుడు. ఆయన ఎలుకనే చూస్తున్నాడు. "కాస్త అందరూ బయటికి వెళ్ళాలండి."

"అందరూ అంటే?"

"అందరూనండి."

"నేను కూడానా?"

"మీరు కూడానండి. పది నిమిషాలు. ఒక్కోసారి పదిహేను పడుతుంది."

"మేడమ్, ఈయన ఉద్దేశం ఏంటంటే..." అని కోదండపాణి గారు మొదలుపెట్టారు గానీ, ఆ ఉద్దేశం ఏమిటో ఏ కాగితంలోనూ చదవకపోవడంతో ఆగిపోయారు. సుహాసిని గోడకి ఆనుకుని నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

కమిషనర్ గారు దాలినాయుణ్ణి, ఆయన చేతిలో ఉన్నదాన్నీ చూశారు. తర్వాత గడియారం చూసుకున్నారు. "పదకొండున్నర దాకా టైముంది కదా," అని ఎవరితోనూ కాకుండా అని, బయటికి నడిచారు.

ఆవిడ లేని గదిలో ఉండడానికి తమకి ఏం కారణముందో మిగతావాళ్ళెవరికీ తోచలేదు. ఒకరి వెనక ఒకరు గబగబా కదిలారు. సుహాసిని వెళ్తూ ఫ్యాను ఆపేసింది. సన్యాసమ్మ చీపురు తీసుకుని, ఎందుకైనా మంచిదని ఫోటోగ్రాఫర్ని ముందుకి తోలుకుంటూ పోయింది.

కోదండపాణి గారు మాత్రం ధ్రువీకరణ పత్రం చేత్తో పట్టుకుని గుమ్మంలో ఆగిపోయారు. ఒక పాదం లోపల, ఒక పాదం బయట.

"నేనుంటాను నాయుడూ. ఒక మూల నిలబడతాను. సాక్షిగా ఎవరో ఒకరు ఉండాలి కదయ్యా, నిబంధన."

"వద్దండి."

"చప్పుడు చెయ్యను."

దాలినాయుడు ఎలుకని ఎడమచేతిలోకి మార్చుకుని గుమ్మం దాకా వచ్చాడు. కుడిచెయ్యి తలుపు మీద వేశాడు. కోదండపాణి గారు పాదం వెనక్కి తీసుకోడానికి సరిపోయేంత వ్యవధి ఇస్తూ, నెమ్మదిగా తలుపు మూశాడు.